కొల్లేరు గడ్డకట్టే బుధవారం

సిమ్లా
1935 నవంబరు 18

ప్రభువునందు ప్రియమైన అత్తయ్య గారికి,

మీ మేనల్లుడూ, ఈ ఏడే అల్లుడూ అయిన నిత్యానందం వందనాలు. వేళ్ళు వంగడం లేదు. అక్షరాలు కొంకర్లు పోతే క్షమించండి.

ఇక్కడి వాతావరణ ఆఫీసులో ఉద్యోగంలో చేరాను. పని కష్టమైంది కాదు. పొద్దున్నే కొండమీద తెల్ల పెట్టెలో ఉన్న థర్మామీటరు చూడాలి, గాలి ఎటు వీస్తోందో చూడాలి, ఆ వివరాలు టెలిగ్రాంలో పై ఆఫీసుకి పంపాలి. చలి మాత్రం మనం ఎరిగిన చలి కాదండీ. ఇవాళ ఫారెన్‌హీటులో ఇరవై ఎనిమిది డిగ్రీలు. బిందెలో నీళ్ళు రాయిలా బిగుసుకుపోతే సుత్తితో కొట్టి ముఖం కడుక్కున్నాను.

పెళ్ళి పందిరి విప్పకముందే ఆర్డరు రావడంతో రత్నకుమారిని మీ దగ్గర వదిలి వచ్చాను. ఇప్పుడు క్వార్టరు ఇచ్చారు. రెండు గదులు, ఒక కుంపటి. మన ఊళ్ళో కోతలవగానే రత్నాన్ని ఎవరినైనా తోడిచ్చి పంపండి. మందపాటి బొంత కూడా పంపండి.

ఉంటాను,
నిత్యానందం

తా.క. ఇక్కడ నోరు తెరిస్తే పొగ వస్తుంది. నేను చుట్ట మొదలుపెట్టానని ఎవరైనా చెబితే నమ్మొద్దని రత్నానికి చెప్పండి.


నత్తలపాడు, మండవల్లి పోస్టు
నవంబరు 24

నాయనా నిత్యానందం,

ఈ ఉత్తరం అందేసరికి నువ్వు లేచి కూర్చుని ఉండాలని దేవుణ్ణి అడుగుతూ నీ అత్త హన్నమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం పట్టుకుని మిషను ఆసుపత్రి కంపౌండరు వరదానం గారి దగ్గరికి పరిగెత్తాను. "ఏవండీ, మా అల్లుడికి ఇరవై ఎనిమిదిటండీ, ఎలాగుంటుందండీ?" అన్నాను.

"ఎన్నండీ?" అన్నాడాయన.

"ఇరవై ఎనిమిదండీ."

"తొంభై ఎనిమిది అయ్యుంటుందండీ. రాయడంలో పొరపాటు పడుంటారు."

"లేదండీ, అక్షరాల్లో రాశాడు."

ఆయన చేతిలో సీసా కింద పెట్టేశాడు. "అమ్మా, తొంభై అయిదుకి దిగితేనే కాళ్ళూ చేతులూ చల్లబడిపోతాయండీ. ఇరవై ఎనిమిదంటే... ఈ ఉత్తరం ఆయనే రాశారంటారా అండీ?" అన్నాడు.

అక్షరాలు చూస్తే నిజంగానే కొంకర్లు పోయి ఉన్నాయి. మా అన్న పోతూ పోతూ నీ చెయ్యి నా చేతిలో పెట్టాడు. ఆ చెయ్యి అప్పుడు ఎంత వెచ్చగా ఉండేదిరా! ఆదివారం గుడిలో సంఘమంతా నీకోసం మోకాళ్ళూనారు. సంఘపెద్ద విశ్వాసం గారు చేసిన ప్రార్థన మరీ పొడుగై చివరికి సమాధి దగ్గర చేసే భూస్థాపన ప్రార్థనలా తయారైతే పాస్టరు అయ్యగారు దగ్గి ఆపారు.

నీ ఒళ్ళు తొంభై ఎనిమిదికి వచ్చేదాకా రత్నాన్ని పంపను. జవాబు వెంటనే రాయి. నువ్వు బతికే ఉన్నావని అక్కడి పెద్దమనిషి ఎవరిచేతనైనా కింద సంతకం చేయించు.

నీ అత్త,
హన్నమ్మ

తా.క. రత్నం అన్నం ముట్టడం లేదు. నువ్వు పోయావని కాదు. నేను పంపనన్నానని.


సిమ్లా
నవంబరు 30

గౌరవనీయులైన అత్తయ్య గారికి,

బతికి ఉన్న అల్లుడు రాయునది. మా హెడ్‌క్లార్కు గారి సంతకం కింద ఉంది. ఎందుకో చెప్పడానికి నా తలప్రాణం తోకకి వచ్చింది.

ఇరవై ఎనిమిది నా ఒంటికి కాదండీ, ఇక్కడి గాలికి. మనిషి ఎక్కడున్నా తొంభై ఎనిమిదే. గాలి మాత్రం ఊరికో రకం. ఒక్క రోజు పొద్దున్నే దేశమంతా చూస్తే, మన ఏలూరులో అరవై అయిదు ఉంటే, నాగపూరులో యాభై అయిదు, ఢిల్లీలో నలభై ఆరు, లాహోరులో నలభై. ఇక్కడికి వచ్చేసరికి ఇరవై ఎనిమిది. మీకు సముద్రం దగ్గర. పగటి వేడిని నీళ్ళు పట్టుకుని ఉంచుతాయి, చలికాలం మిమ్మల్ని అంతగా కొరకదు. మేం కొండ నెత్తిన ఉన్నాం. పడమటి దేశాల నుంచి మబ్బులు వచ్చి మా మీద మంచు కురిపిస్తాయి. అవి వెళ్ళాక ఇక్కడి చలిగాలి కిందికి దిగి ఢిల్లీ మీదుగా దక్షిణానికి జారుతుంది. వస్తూ వస్తూ వేడెక్కి, మీ దాకా చేరేసరికి దాని పళ్ళు ఊడిపోతాయి.

ఆ వివరాలే నేను రోజూ టెలిగ్రాంలో పంపుతాను. ఇందులో భయమేమీ లేదు. రత్నాన్ని పంపండి.

సెలవు,
నిత్యానందం

తా.క. సంతకం పెడుతూ హెడ్‌క్లార్కు గారు "మీ ఊళ్ళో అందరూ ఇంతేనా?" అని అడిగారు. మా అత్తయ్య గారు మిషను స్కూల్లో చదువుకున్నారని చెప్పాను. ఆయన సంతకం మీద ఆఫీసు ముద్ర కూడా వేశారు.


నత్తలపాడు
డిసెంబరు 6

చిరంజీవి అల్లుడికి,

దేవుడు నిన్ను ఇంత పెద్ద కుర్చీలో కూర్చోబెడతాడని నేను అనుకోలేదు నాయనా. దీవెనలు.

నీ ఉత్తరం విశ్వాసం గారు అరుగుమీద నిలబడి అందరికీ చదివి వినిపించారు. "చలిగాలి అక్కడినుంచే బయలుదేరుతుందిట. మన నిత్యానందం గారే రోజూ టెలిగ్రాం కొట్టి పంపుతున్నారుట" అన్నారు. ఊరు ఊరంతా నోరు తెరిచింది. వారం రోజులుగా తెల్లారుజామున వణికిస్తున్నదెవరో ఇప్పుడు తెలిసింది. నీ మీద ఎవరికీ కోపం లేదు, ఉద్యోగధర్మం. కాకపోతే మన ఊరివాడివి, కాస్త చూసి పంపు.

కోసిన వరిపనలు చేలమీద పడున్నాయి. కుప్పలు వేసేదాకా వాన వద్దని విశ్వాసం గారి మనవి. ఎండుచేపలవాళ్ళకి పగలల్లా ఎండ కావాలి. చాకలి సత్యవేదం మాత్రం చెరువులో నీళ్ళు తగ్గాయి, ఓ మోస్తరు వాన కావాలంటున్నాడు. వీళ్ళకీ వాళ్ళకీ పడక నిన్న గుడి ముందు చిన్న తగాదా అయింది. ఎవరి వీధికి ఏది కావాలో విడివిడిగా పంపగలవా?

ఇంకో మాట. నీ లెక్క సరిచూద్దామని వరదానం గారు జ్వరం చూసే గొట్టం మునగచెట్టుకి కట్టారు. తెల్లవారి చూస్తే పాదరసం అట్టడుగున పడుంది. అక్కడ తొంభై అయిదు అని రాసుంది. అంతకంటే కింద అంకెలే లేవు. మరి నీ ఇరవై ఎనిమిది ఎక్కడుందిరా, గొట్టానికి బయటా?

నీ అత్త,
హన్నమ్మ

తా.క. అదే గొట్టాన్ని పొయ్యిమీది కూరలో పెట్టి చూశాం. పగిలింది. కూర పారబోశాం. వరదానం గారు నాతో మాట్లాడడం లేదు.


సిమ్లా
డిసెంబరు 12

అత్తయ్య గారికి వందనాలతో,

అత్తయ్యగారూ, మీకు పుణ్యముంటుంది, ఈ ఉత్తరం విశ్వాసం గారికి ఇవ్వకుండా మీరే చదువుకోండి.

నేను చలిని పంపను. వానని పంపను. వచ్చిందాన్ని చూసి రాసుకుంటాను, అంతే. మీ ఇంటికి చావుకబురు వస్తే పోస్టుమాను చంపాడంటారా? నేనూ అంతే. చాకలి సత్యవేదానికీ, ఎండుచేపలవాళ్ళకీ నా తరఫున క్షమాపణ చెప్పండి.

వివరంగా రాద్దామంటే తీరిక లేదు. పెద్ద తుఫాను రాబోతోంది. సూచనలన్నీ కనబడుతున్నాయి. బయట ఉన్నదంతా లోపల పెట్టుకోవాలి, పశువుల్ని కట్టేసుకోవాలి, కప్పులమీద బరువులు పెట్టుకోవాలి. ఆలస్యం చేసినవాడి పని అంతే. ఇక్కడ అందరం అదే హడావిడిలో ఉన్నాం.

రత్నం సంగతి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు.

తొందరలో,
నిత్యానందం

తా.క. బొంత అందింది. మీ చేతి కుట్టు గుర్తుపట్టాను. కప్పుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను.


నత్తలపాడు
డిసెంబరు 24

ఊరు నిలబెట్టిన అల్లుడికి,

నీ ఉత్తరం విశ్వాసం గారికి ఇవ్వొద్దన్నావు. ఇవ్వలేదు. ఆయనే తీసుకున్నారు.

"తుఫాను రాబోతోంది, బయట ఉన్నదంతా లోపల పెట్టుకోవాలి" అన్నచోట ఆగి ఆయన మళ్ళీ చదివారు. "హన్నమ్మగారూ, మీ అల్లుడు పైవాళ్ళకి తెలియకుండా మనకి కబురు పెట్టాడండీ. అందుకే నాకివ్వొద్దన్నాడు" అన్నారు. ఆడా మగా పిల్లా జెల్లా అందరూ చేలమీద పడ్డారు. పనలు మోసి కుప్పలు వేసి తాటాకులు కప్పారు. కొల్లేట్లో దోనెలు గట్టుకి లాగారు. కప్పులమీద తిరగలి రాళ్ళు ఎక్కించారు. పక్కింటి సీతారత్నం కప్పు ఆ బరువుకే కూలింది.

ఆ మర్నాడు ఎండ. ఆ పై రోజూ ఎండ. పక్క ఊళ్ళవాళ్ళు గట్టుమీద నిలబడి "ఏవండీ, గొడుగులు వేసుకోలేదేంటండీ?" అని నవ్వారు. ఇంట్లోంచి బయటికి రావడానికి సిగ్గేసింది. విశ్వాసం గారు దుప్పటి ముసుగు తన్నారు.

అంతలో తూర్పున మబ్బు కమ్మింది నాయనా! మూడు రోజులు ఏకధారగా వాన. చుట్టుపక్కల చేలన్నింటిలో పనలు నీళ్ళలో తేలాయి, మొలకలొచ్చాయి. మన ఊరి గింజ ఒక్కటి తడవలేదు. నవ్వినవాళ్ళే వచ్చి విత్తనాలు అడుగుతున్నారు. ఇస్తున్నాం.

అందుచేత పెద్దలంతా కూర్చుని ఒక తీర్మానం చేశారు. రత్నాన్ని పంపకూడదు. "కూతురు మీదేగానీ హన్నమ్మగారూ, ఆ పిల్ల ఇక్కడుంటేనే ఆయన మన ఊరిమీదికి చెడ్డవాన రానివ్వరండీ. భార్య తడుస్తుందంటే ఎవడూరుకుంటాడండీ?" అన్నారు విశ్వాసం గారు. ఊళ్ళోవాళ్ళు రోజుకొకరు కోడిగుడ్లు, బెల్లం తెచ్చి రత్నానికి పెడుతున్నారు. నేనేం చేసేది? ఊరిమాట.

నీ అత్త,
హన్నమ్మ

తా.క. ఏవండీ, ఈ ముక్క నేను రాస్తున్నాను, అమ్మ గోధుమపిండి జల్లిస్తోంది. నేను ఈ ఊరికి గొడుగునైపోయానండీ. ఎవరు గుమ్మంలోకి వచ్చినా ముందు ఆకాశం చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. ఏదో ఒకటి చెయ్యండి. - రత్నం


సిమ్లా
డిసెంబరు 30

మహాగౌరవనీయులైన అత్తయ్య గారికీ, సంఘపెద్దలందరికీ,

క్రిస్మసు వందనాలు. ఈ ఉత్తరం విశ్వాసం గారిచేత అరుగుమీద నిలబెట్టి గట్టిగా చదివించవలసిందిగా మనవి.

నేను ఇంతకుముందు రాసిన తుఫాను ఇక్కడి మంచు తుఫాను. మీకు కురిసిన వాన తూర్పు సముద్రం నుంచి వచ్చింది. దానికీ నాకూ సంబంధం లేదు. ఇలా చెబితే మీరెవరూ నమ్మరని తెలుసు. అందుకని ఈసారి నేనే ముందుగా చెబుతున్నాను.

జనవరి పదిహేనో తారీకు బుధవారం నత్తలపాడు మీద మంచు పడుతుంది. మామూలు మంచు కాదు. సిమ్లాలో పడేలాంటి మంచు. కొల్లేరు ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా గడ్డకడుతుంది. దోనెలు అక్కర్లేదు, నడిచే దాటొచ్చు. ఇది గనక జరగకపోతే నాకు గాలీ వానా ఏమీ తెలియవని అందరూ గ్రహించి, నా భార్యని నా దగ్గరికి పంపించెయ్యాలి.

విధేయుడు,
నిత్యానందం

తా.క. లోపల మడిచిన చీటీ భార్యాభర్తలది. అత్తయ్యగారూ, దయచేసి చదవకండి.

(చీటీ)

రత్నం, ఇదంతా అబద్ధం. కొల్లేరు గడ్డకట్టడం లోకం పుట్టాక లేదు, ఇకమీదా ఉండదు. బుధవారం ఎండ కాస్తుంది. అందరూ నన్ను తిట్టుకుంటారు. గురువారం నిన్ను పంపేస్తారు. పెట్టె సర్దుకో. - నీ నిత్యం


నత్తలపాడు
జనవరి 8

నాయనా నిత్యానందం,

ప్రయాణపు హడావిడిలో రాస్తున్నాను, నాలుగు ముక్కలే.

నీ ఉత్తరం వినగానే ఊరు నీరుగారిపోయింది. కొల్లేరు గడ్డకడితే చేపలేం కావాలి, బాతులేం కావాలి? దోనెలున్నవాళ్ళు ఏడ్చారు. ఒక్క సత్యవేదం మాత్రం "నడిచి అవతలి గట్టుకి పోవచ్చుగదండీ" అని సంతోషించి దెబ్బలు తిన్నాడు.

విశ్వాసం గారు "మనది తప్పండీ. ఆయన భార్యని మనం పట్టి ఉంచాం. ఆయనకి కోపమొచ్చింది. ఇక పిల్లని అప్పగించి, కాళ్ళమీద పడి, ఆ మంచు రద్దు చేయించుకోవాలండీ. ఉత్తరాలతో అయ్యే పని కాదు" అన్నారు.

నేనూ ఆలోచించాను. మొదట నేను అక్కడ చలని కదా పిల్లని పంపనన్నది! ఇక్కడా మంచే పడేటప్పుడు అక్కడికీ ఇక్కడికీ తేడా ఏముంది? అక్కడైతే కుంపటన్నా ఉంది. కనక రత్నం, నేను, విశ్వాసం గారు ముగ్గురం వస్తున్నాం. బాతుల్ని తాడేపల్లిగూడెంలో మా అక్క దానమ్మకి ఒప్పజెప్పి, అటునుంచటే శుక్రవారం బండెక్కుతాం. చలికని ఏలూరులో బాజీ గారి దుకాణంలో అడిగితే కంబళ్ళు లేవన్నారు. విశ్వాసం గారు తివాచీ కొన్నారు. "అదీ గొర్రెబొచ్చే కదండీ, పరిస్తే తివాచీ, కప్పుకుంటే కంబళి" అన్నారు. పువ్వులవైపు పైకి కప్పుకుంటున్నారు.

మేం వచ్చేదాకా ఏ మంచూ విడవకు.

నీ అత్త,
హన్నమ్మ

తా.క. ఆ చీటీ నేను చదవలేదు. దీపానికి అడ్డంపెట్టి చూశాను, ఏమీ కనబడలేదు.

ఇంకో తా.క. ఏవండీ, చీటీ అందింది. మీరు రాసింది అబద్ధమని అమ్మకి చెబుదామని నోటిదాకా వచ్చింది. అప్పటికే అమ్మ బియ్యం మూట కడుతోంది. మింగేశాను. రైలు కదిలేదాకా చెప్పను. - రత్నం


నత్తలపాడు
1936 జనవరి 16

ఇక్కడ ఉండవలసి ఉండీ, సిమ్లాలో నా క్వార్టరులో ఉన్న అత్తయ్య గారికి,

వందనాలు. మీ ఇంటి అరుగుమీద కూర్చుని, తాళం వేసిన మీ తలుపుకి వీపు ఆనించి రాస్తున్నాను.

ఆ ఉత్తరం పోస్టులో పడేసిన దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. నా స్వార్థం కోసం ఊరందరినీ భయపెట్టానే అనిపించింది. ఎవరైనా ముసలివాళ్ళు గుండె ఆగి పోతారేమోననిపించింది. బుధవారంలోగా వచ్చి నా నోటితో నేనే నిజం చెప్పేద్దామని సెలవు పెట్టి శుక్రవారం బయలుదేరాను. మీరూ శుక్రవారమే బయలుదేరారని ఇక్కడికి వచ్చాక తెలిసింది.

ఇప్పుడు ఆలోచిస్తే, నాగపూరులో మీ బండీ నా బండీ పక్కపక్కనే ఆగాయి. అవతలి కిటికీలో మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరో ఒకాయన ఎర్రపువ్వుల తివాచీ చుట్టుకుని కూర్చున్నారు. ఎవరో మతిపోయిన జమీందారు కాబోలు, పాపం, అనుకున్నాను. ఆయన పక్కన ఒకమ్మాయి అటు తిరిగి కమలాపండు ఒలుస్తోంది. జడ చూసి, మా రత్నం జడ ఇలాగే ఉంటుంది అనుకున్నాను. బండి కదిలింది. అత్తయ్యగారూ, ఆ జడ తలుచుకుని బెజవాడదాకా నిట్టూర్పులు విడుస్తూ వచ్చాను!

బుధవారం తెల్లవారేసరికి ఊళ్ళోకి వచ్చాను. కొల్లేరు మీద మంచు. మీకు తెలిసిన మన పొగమంచే. కాకపోతే ఈ ఏడు మరీ దట్టంగా దిగింది. ముందు నడిచే ఎద్దు తోక కూడా కనబడలేదు. నేను ఆ మంచులోంచి బయటికి రావడం చూసి జనం "మంచన్నారు, మంచొచ్చింది! ఆయనే దగ్గరుండి తీసుకొచ్చారు!" అని కేకలు పెట్టారు.

"అయ్యా, ఇది ఏటా పడే మంచేనండీ. నేను చెప్పింది వేరే. కొల్లేరు గడ్డకట్టలేదు చూడండి, నేను చెప్పింది తప్పు, నేను అబద్ధం ఆడాను" అని గుడిమెట్ల మీద నిలబడి గొంతు చించుకుని చెప్పాను.

వరదానం గారు కళ్ళు తుడుచుకుంటూ ముందుకి వచ్చారు. "గడ్డకట్టలేదండీ, నిజమే. విశ్వాసం గారు మీ కాళ్ళు పట్టుకునుంటారు, మీరు దయతలచి ఆ ఒక్కటీ రద్దు చేశారు" అన్నారు. "విశ్వాసం గారిని నేను చూడనే లేదండీ" అన్నాను. "చూడకుండానే మన్నించారండీ!" అన్నారు.

నిన్న సాయంత్రం నుంచీ మీ అరుగు ముందు జనం. కైకలూరు నుంచి కూడా బండ్లు కట్టుకుని వస్తున్నారు. ఒకాయన కూతురి పెళ్ళికి మబ్బుపట్టిన పగలు కావాలంటాడు, ఎండైతే పెళ్ళివారు నల్లబడతారుట. నేను మాట్లాడినా తప్పే, ఊరుకున్నా తప్పే. ఇందాక తుమ్మితే నలుగురు లేచి కళ్ళంలో ధాన్యం కప్పడానికి పరిగెత్తారు.

అక్కడ మీరు జాగ్రత్త. కుంపటి ఉన్న గదిలో తలుపు పూర్తిగా బిగించకండి. రాత్రిపూట నీళ్ళ బిందె కుంపటి దగ్గరే పెట్టుకోండి, లేకపోతే నీళ్ళు బిగుసుకుపోతాయి. రత్నం రైల్లో నిజం చెప్పే ఉంటుంది. తిట్టేవి నేను వచ్చాక తిట్టండి, దాన్ని ఏమీ అనకండి.

అన్నిటికంటే ముఖ్యం, నేను ఇక్కడున్నానని తెలిసి మళ్ళీ బండెక్కుతారేమో, మీకు దణ్ణం పెడతాను, ముగ్గురూ ఉన్నచోటనే ఉండండి. ఎవరో ఒకరు కదలకుండా ఉంటేగానీ మనం కలుసుకోం.

మీ అల్లుడు,
నిత్యానందం

తా.క. ఈ ఉత్తరం రేపు బెజవాడలో ఢిల్లీ బండి ఎక్కుతుందని పోస్టుమాస్టరు గారు చెప్పారు. నేను ఎక్కేదీ ఆ బండే. కనక దీన్ని పోస్టులో వెయ్యడం లేదు. జేబులోనే పెట్టుకుని వస్తున్నాను. తలుపు తీయగానే మీ ముగ్గురికీ నేనే చదివి వినిపిస్తాను.